మడమలు ఆనని కుర్చీలు

ఆ ఎండకాలం మా కొత్త ఇంటికి మొదట బాపు వచ్చాడు, అంటే మా నాన్న. ఆ వెనకాలే దొర కుర్చీలు వచ్చాయి. రెండు రాకలనూ నేను తలుపు చాటు నుంచే చూశాను.

బాపు మస్కట్ పోయేనాటికి నాకు సరిగ్గా ఊహ తెలియదు. మధ్యలో ఒక్కసారి వచ్చాడంటారు. అప్పుడు నేను తట్టు పోసి అమ్మమ్మ ఊళ్లో ఉన్నాను. కాబట్టి నాకు తెలిసిన బాపు టేపురికార్డర్‌లోనే ఉండేవాడు. మా మెట్‌పల్లి దిక్కు గల్ఫ్‌కు పోయినవాళ్లు ఉత్తరాల కంటే క్యాసెట్లే ఎక్కువ పంపేవారు. సెలవు మీద వచ్చేవాళ్లెవరో ఒకరు తెచ్చి ఇచ్చేవారు. క్యాసెట్ వచ్చిందంటే వాడకట్టంతా మా ఇంట్లో కూడేది. అందులో బాపు పేరుపేరునా అందరినీ అడిగేవాడు మరి. తరువాత రెండో పక్కన మేము మాట్లాడి పంపాలి. మస్కట్ దూరం కదా అని బాపమ్మ రికార్డర్‌కు నోరు ఆనించి అరిచేది. అవ్వ, అంటే మా అమ్మ, బర్రె ఈనిన సంగతితో మొదలుపెట్టి ఏడుపుతో ముగించేది. నా వంతు రాగానే నేను లేచి పెరట్లోకి పోయేదాన్ని.

"నీ బిడ్డ మల్ల ఉరికిందిరా కొడుకా," అని నా వంతు కూడా బాపమ్మే మాట్లాడేది.

నేను చెప్పాలనుకున్నవి నోటుబుక్కులో రాసుకునేదాన్ని. ఆ ఏడు పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లోనే ఉన్నాను. రాసుకోవడానికి కావలసినంత తీరిక.

టేపులో గొంతు విని నేను పొడుగాటి మనిషిని ఊహించుకున్నాను. బస్సు దిగిన బాపు పొట్టిగా ఉన్నాడు. మెడ కొంచెం ముందుకు వంగి ఉంది. నడుస్తున్నప్పుడు కూడా ఏదో కిందికి వేలాడుతున్నట్టు తల తప్పించుకునేవాడు. ఆయన పంపిన డబ్బులతోనే కట్టిన స్లాబు ఇంటిని ఆయన మొదటిసారి చూడడం. గోడలు తడిమాడు, దర్వాజాలు తట్టాడు, హాలు మధ్యలో నిలబడి చుట్టూ తిరిగి చూశాడు.

"ఖాళీగున్నది," అన్నాడు.

"మనుషులున్నరు గద," అన్నది అవ్వ.

"మనుషులు కూసునేతందుకు ఏదున్నది?"

అప్పటికి ఊరి దొర బంగళా, గడి, ఖాళీ అవుతోంది. దొర జగపతిరావు కరీంనగర్‌లో ఇల్లు కట్టుకుని ఊరు విడిచి చాలా ఏండ్లయింది. పైకప్పు పెంకులు జారి వసారాలో గబ్బిలాలు చేరాయి. ఆ ఎండకాలం దొర చెల్లెలు జానకీబాయి వచ్చి, మిగిలిన సామాను ఎవరైనా కొనుక్కోవచ్చని చెప్పించింది. ఊళ్లో ఎవరూ ఆ దిక్కు పోలేదు. బాపు ఒక్కడే పోయాడు. మూడో రోజున మొండయ్య ట్రాక్టర్ మా ఇంటి ముందు ఆగింది.

అవ్వ కొంగు నడుముకు చెక్కుకుని వాకిట్లో నిలబడింది. "కొత్త ఇంట్లకు పాత సామానేంది? మెట్‌పల్లిల సోఫాలు దొరుకుతలేవా? దొరలు తోమి పారేసినయి మనం ఏరుకొస్తున్నమా?"

"నీకు తెల్వదు తియ్యి. గీ టేకు ఇప్పుడు యాడ దొరుకుతది?" బాపు ట్రాక్టర్ మీదనే ఉండి ఒక కుర్చీ వీపును చేత్తో నిమిరాడు. "నేను, ముత్తిగాడు చిన్నగున్నప్పుడు గడి గోడెక్కి చూసెటోళ్లం. లోపట గివే కుర్చీలు వరుసగ ఉండె. గీటి ఈపులు మెరుస్తుండె. పెద్దగైనంక మనం గూడ గసొంటి కుర్చీలల్ల ఎదురుబొదురు కూసుందామని అనుకున్నం."

ముత్తిగాడంటే ముత్తయ్య కాక. మా పక్క ఇల్లే. పసుపు పండిస్తాడు. బాపు క్యాసెట్లలో బాపమ్మ తరువాత వచ్చే పేరు ఆయనదే, అవ్వ పేరు కంటే ముందు.

కుర్చీలు దించుతుంటే నేను దర్వాజా వెనక నుంచి చూశాను. బెత్తం అల్లిన కూర్చునే పలకలు, పూలు చెక్కిన వీపులు. ఒక పడక కుర్చీ ఉంది, దాని చేతులు ముందుకు బారెడు పొడుగు చాచి ఉన్నాయి. చివరగా ఒక గుండ్రటి మేజా. బాపమ్మ అరుగు మీద కూర్చుని అన్నింటినీ సంతలో పరాయి పశువులను చూసినట్టు చూస్తోంది. ఆమె పెండ్లికి ముందు గడిలో వెట్టి పని చేసిందని నాకు తెలుసు.

"అవ్వా, గీ మేజ ఎర్కపట్టినవా?" అన్నాడు బాపు బాపమ్మతో.

"గడిల మస్తు మేజలుండె. గిదేదో నాకేం ఎర్క?"

మేజా దర్వాజాలో పట్టలేదు. మొండయ్య, బాపు కలిసి దాన్ని తలకిందులు చేశారు. కాళ్లు ఆకాశం వైపు లేచాయి. బాపమ్మ అరుగు మీద నుంచి ఒక్క ఉదుటున లేచింది.

"ఆగున్రి!"

వచ్చి, మేజా అడుగుభాగం మీద అరచేయి పెట్టి మెల్లగా జరిపింది. ఒక కాలి మొదట్లో చేయి ఆగింది. అక్కడ ఒక ఇనుప పట్టీ కొట్టి ఉంది.

"గిది నడిమి సావడిల మేజ. గీ కాలు పగిలితే పట్టీ ఏసిన్రు. గిదిగో, గీ సందుల కందిరీగలు గూడు పెడుతుండె, నేను పుల్లతోని తీసెటిదాన్ని."

"మరి ఇప్పటిదాంక ఎర్క లేదంటివి?" అన్నది అవ్వ.

"మీదికెల్లి నేనెన్నడు చూసిన? మీద తుడిచేటోళ్లు వేరే. నేను చిన్నపోరిని, కిందికి దూరి కాళ్లు తుడిచెటిదాన్ని."

ఆ మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు. ఒక వస్తువును అడుగు నుంచి మాత్రమే ఎరిగిన మనిషి ఉంటుందా? తెల్లారి అవ్వ చేనుకు, బాపు మెట్‌పల్లికి పోయాక నేను మేజా కిందికి దూరాను. పైన అద్దంలా నునుపుగా ఉండే చెక్క కింద గరుకుగా, రంపపు గీతలతో ఉంది. కందిరీగ గూడు మట్టి ఇంకా సందులో అంటుకుని ఉంది. వక్కల పెట్టె మూత తీసినప్పటి వాసన. అక్కడ కూర్చుంటే నన్నెవరూ చూడరు, నేను మాత్రం హాలంతా చూడొచ్చు. నా నోటుబుక్కు అక్కడికి మారింది.

బాపు ఆ నెలంతా హాలు సింగారించాడు. మస్కట్ నుంచి తెచ్చిన పచ్చ మఖ్మల్ గుడ్డతో మెట్‌పల్లి దర్జీ దగ్గర మెత్తలు కుట్టించాడు. కిటికీలకు తెరలు వేయించాడు. మేజా మీద నేలదాకా వేలాడే పూల గుడ్డ పరిచాడు, దాని మధ్యలో ప్లాస్టిక్ గులాబీలు. కుర్చీలు ఒకరోజు గోడ పొంటి వరుసగా ఉంటే, మరుసటి రోజు మేజా చుట్టూ ఉండేవి. పడక కుర్చీ ఎక్కడ వేయాలన్నది తేలలేదు. చివరికి దర్వాజాకు ఎదురుగా, బజారుకు కనపడేటట్టు వేశాడు.

నాకు పని చెప్పకపోయినా గుడ్డ, కొబ్బరినూనె తీసుకుని అన్నింటినీ తుడిచేదాన్ని. అలా తుడుస్తుంటే పడక కుర్చీ చేతుల చివర, చెక్కలో రెండు గుంటలు తగిలాయి. చెంచా అడుగులాంటి చిన్న గుంటలు, రెండూ ఒకే తీరు. చెక్కిన పని కాదు, అరిగినవి.

"గివేందే బాపమ్మా?"

"దొర మడిమలు. చేతుల మీదికి కాళ్లు చాపి పండుకునెటోడు. ఎండకాలం పొద్దుమూకులు గట్లనే ఉండెటోడు. ఏండ్లకేండ్లు."

మడమలకు టేకు అరిగింది! వేలు పెట్టి చూశాను. నా వేలి కొన సరిగ్గా అందులో పట్టింది. ఎంత నిమ్మళంగా కూర్చుంటే చెక్క అరుగుతుంది?

మెత్తలు వచ్చిన సాయంత్రం బాపు వాడకట్టును పిలిచాడు. నారింజ పొడి కలిపి శర్బత్ చేయించాడు. నేను మేజా కింద రాసుకుంటూ ఉండిపోయాను. బయటికి వద్దామనుకునేసరికి గేటు దగ్గర మాటలు వినిపించాయి. అంతమంది ముందు మేజా కింద నుంచి పాకి రావడమా? ఊపిరి బిగబట్టి అక్కడే కూర్చున్నాను. గుడ్డ అంచు కింద నుంచి నాకు పాదాలు తప్ప ఇంకేమీ కనపడలేదు.

ముందు కొమురవ్వ పాదాలు వచ్చాయి, వెండి కడియాలతో. గేటు దగ్గర చెప్పులు విడిచి, దర్వాజా దాకా వచ్చి ఆగాయి.

"లోపటికి రా అత్తా," అన్నాడు బాపు.

"వస్త తియ్యి కొడుకా. గా పెద్దకుర్చీ కనపడంగనే నా కాళ్లే ఆగినయి. గడి ముంగటికెల్లి పోయేటప్పుడు చెప్పులు చేతుల పట్టుకున్న కాళ్లాయె."

అందరూ నవ్వారు. నవ్వి గడప దగ్గరే కూర్చున్నారు. ఒకరికి నడుము నొప్పి. ఇంకొకరి పంచెకు పసుపు మట్టి. గచ్చు చల్లగా ఉందని మరొకరు. బాపు కుర్చీలు జరుపుతూ, మెత్తలు తడుతూ ఒక్కొక్కరినీ బతిమాలుతున్నాడు. ఊళ్లో అందరికంటే ఎక్కువ కుర్చీలున్న ఇల్లు మాది. అందరూ నేల మీద ఉన్నారు.

అప్పుడు పగుళ్లు బారిన, పసుపు రంగు గోళ్ల పాదాలు వచ్చాయి. ముత్తయ్య కాక.

"నువ్వన్న కూసోరా ముత్తిగా," అన్నాడు బాపు. భుజం పట్టి కూర్చోబెట్టినట్టున్నాడు, నా ఎదురుగా ఉన్న కుర్చీ కిర్రుమంది. బాపు పడక కుర్చీలో కూర్చున్నాడు. ఇద్దరూ ఎదురుబొదురు.

"ఎట్లున్నది?"

"మంచిగున్నది, పటేలా."

శర్బత్ గ్లాసుల చప్పుడు ఆగింది.

"పటేలెవడ్రా? నేను హన్మండ్లును."

"గదే... నోటికి గట్ల వచ్చింది." ముత్తయ్య కాక గొంతు సవరించుకున్నాడు. "నువ్వు గా కుర్చీల ఉంటే వచ్చింది."

నేను వాళ్ల పాదాల వైపు చూశాను. ముత్తయ్య కాక వేళ్లు మాత్రమే నేలకు ఆని ఉన్నాయి. మడమలు లేచి ఉన్నాయి, పిలిస్తే లేచి ఉరకడానికి సిద్ధంగా ఉన్నట్టు. ఇటు బాపు పాదాలు. విదేశీ చెప్పుల్లో నున్నగా ఉన్నాయి. చెప్పుల అడుగు వెనుక భాగం నేలకు ఆనలేదు. బాపు మడమలు కూడా లేచే ఉన్నాయి. పడక కుర్చీలో ఆయన వెనక్కి వాలలేదు, అంచు మీద కూర్చుని ఉన్నాడు.

కాసేపటికి ముత్తయ్య కాక బర్రెకు నీళ్లు పెట్టాలని లేచిపోయాడు. ఆయన వెనక మిగతావాళ్లు.

ఆ తరువాత ఆయన రావడం తగ్గింది. గోడ అవతలి నుంచే మాట్లాడేవాడు. ఇంతకు ముందు ప్రతి మాటకు 'రా' అనేవాడు, ఇప్పుడు ఆ 'రా' లేకుండానే మాట ముగించేవాడు. బాపు రోజూ సాయంత్రం మెత్తలు దులిపి, కుర్చీలు సర్ది, పడక కుర్చీ అంచున కూర్చుని గేటు వైపు చూసేవాడు. బజారున పోయే ముసలివాళ్లు మా ఇంటి ముందుకు రాగానే సైకిళ్లు దిగి నడిపించుకుంటూ పోయేవారు. దిగినట్టు వాళ్లకే తెలియదు.

ఒకనాడు నేను కిటికీ తెర సర్దుతుంటే బాపు అడిగాడు. "బిడ్డా, నీకు గీ కుర్చీలు మంచిగనిపిస్తలేవా?"

అనిపిస్తున్నాయి బాపూ, వాటి గురించి నా బుక్కులో పేజీలకు పేజీలు రాశాను, నీ మడమలు ఎందుకు లేచి ఉంటున్నాయో చెప్పవా. ఇదంతా గొంతు దాకా వచ్చింది. నేను తెర వదిలేసి పెరట్లోకి పోయాను. వెనక నుంచి బాపు అవ్వతో అనడం వినిపించింది.

"గక్కడ మంచం మీద మంచం ఉంటది. నాది కిందిది. కూసుంటే పైమంచం తలకు తాకుతది. ఇన్నేండ్లు మెడ వంచుకోని కూసున్న. ఇంటికి పోతే ఈపు ఆనిచ్చి కూసుంట, నా దోస్తును పక్కకు కూసోపెట్టుకుంట అని గోడ మీద తారీకులు కొట్టేసిన. గిప్పుడు గీడ మాట్లాడేటోళ్లే కరువైన్రు."

"ఇంకా దినాలున్నయి గద. వస్తరు," అన్నది అవ్వ.

రాలేదు. మిరుగం వానలకు ముందర బాపు సెలవు అయిపోయింది. పోయేనాడు కుర్చీలన్నింటి మీద పాత చీరలు కప్పాడు. గేటు దగ్గర ముత్తయ్య కాక ఆయన పెట్టె అందుకున్నాడు. ఇద్దరూ బస్సు దాకా నడిచారు గానీ, ఏం మాట్లాడుకున్నారో తెలియదు. నేను బాపు కాళ్లకు మొక్కినప్పుడు ఆయన నా తల మీద చేయి పెట్టి ఏదో అడగబోయి, నా ముఖం చూసి మానుకున్నాడు.

బాపు పోయాక ఇల్లు మళ్లీ మాదైంది. చీరలు కప్పిన కుర్చీలు హాల్లో ముసుగేసుకున్న చుట్టాల్లాగా నిలబడి ఉండేవి. ఒక మబ్బు పట్టిన మధ్యాహ్నం బాపమ్మ గచ్చు మీద చింతపండు గింజలు తీస్తుంటే, నేను ఒక కుర్చీ మీద చీర తీసి కూర్చున్నాను. నా మడమలు కూడా లేచాయి. బలవంతంగా ఆనిస్తే తొడల కింద చెక్క కోసుకుంటోంది.

"బాపమ్మా, ఒక్కసారి గీన్ల కూసో."

"నాకెందుకే?"

"నీ మడిమలు ఆనుతయో లేదో చూస్త."

బాపమ్మ వింతగా చూసి, చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది. ఆమెకు వేళ్లు కూడా అందలేదు. పాదాలు గాలిలో ఊగాయి. నేను మేజా కింద నుంచి చూసింది చెప్పాను. ముత్తయ్య కాక మడమలు, బాపు మడమలు. బాపమ్మ ముందు విన్నది, తరువాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కండ్లు తుడుచుకుంది.

"పిచ్చి కొడుకు! గోడెక్కి చూసిండు గద, ఈపులే కనపడ్డయి. కింద పీటలుండె బిడ్డా. ఒక్కొక్క కుర్చీకి ఒక్కొక్క కాళ్లపీట. దొరసానులు కాళ్లు నేలకు ఆనిత్తురా? ఎవలు కూసుంటే వాళ్ల కాళ్ల కిందికి పీట జరపాలె. గందుకే కుర్చీలు గంత ఎత్తు."

"పీట ఎవలు జరిపేది?"

"ఎవలేంది? నేనే. మేజ కింద కూసునేది గందుకే."

వంటింటి దర్వాజాలో నిలబడి వింటున్న అవ్వ ముందుకు వచ్చింది. "అయితే ఫికరెందుకు? వడ్లాయనతోని పీటలు చేపిద్దాం. ఆయన మల్ల వచ్చేవరకు అన్నీ సరిగుంటయి."

బాపమ్మ నవ్వు ఆగింది. గాలిలో ఉన్న తన పాదాలను చూసుకుంది.

"చేపిస్తవు. మరి జరిపేటోళ్లు ఎవలు?"

అవ్వ నా వైపు చూసింది. ఊరికే చూసింది, నేను ఎదురుగా ఉన్నాను కాబట్టి. వెంటనే చూపు తిప్పుకుంది.

"కాళ్లు కోపిద్దాం," అన్నాను నేను.

ఆ హాల్లో పెద్దవాళ్ల మాటల మధ్య ఇది చేద్దామని నేను అనడం అదే మొదలు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఎవలి కాళ్లే?" అన్నది అవ్వ.

"కుర్చీల కాళ్లు."

"నీకేమన్న పిచ్చి పట్టిందా? మీ బాపు ఎండల కాలి తెచ్చిన సొమ్ము. ఆయనకు ఎవలు చెప్తరు?"

బాపమ్మ కుర్చీ దిగింది. "వాడు కూసునేతందుకు తెచ్చిండా, చీరలు కప్పి పెట్టేతందుకా? వడ్ల లింగమూర్తిని పిలువు. నా కొడుక్కు గీ పొల్ల చెప్తది. మాట అన్నది అదే గద."

వడ్రంగి లింగమూర్తి వచ్చి కుర్చీ కాలిని వేలితో తట్టి చూశాడు. నాగలి, గుంటుక తప్ప ఇలాంటి పని చాలా ఏండ్లుగా చేతికి రాలేదన్నాడు. సంగతి చెప్పగానే రంపం సంచిలో పెట్టేసి బాపమ్మ వైపు తిరిగాడు.

"నాతోని కాదు బుచ్చవ్వా. కడెం అడివి టేకు గిది. గీ కాలును తిప్పి చెక్కినోడు ఎవడో గని మొగోడు. దీన్ని కోస్తే నా చేతులు పడిపోతయి."

"నీ చేతులు పడిపోతే నేను తినిపిస్త గని, కొయ్యి."

"ఎంత కొయ్యాలె?"

బాపమ్మ గచ్చు మీద పీట వేసుకుని కూర్చుంది, చాలదని దాని మీద ఇంకో పీట వేసుకుంది. రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనించి, మోకాలి వెనక వేలు పెట్టి చూపింది. "గింత ఉండాలె." లింగమూర్తి గొణుగుతూనే పుల్ల విరిచి కొలత తీశాడు. మొదటి కాలు తెగుతున్నప్పుడు అవ్వ పెరట్లోకి పోయింది. నేను పోలేదు. లోపలి చెక్క పసుపుకొమ్ము విరిచినట్టు ఉంది. ఇన్నేండ్లయినా పచ్చి వాసన వచ్చింది. తెగిన ముక్కలు గచ్చు మీద దొర్లాయి. ఒకటి అవ్వ బట్టలు ఉతకడానికి పట్టుకుపోయింది, ఒకటి దూడను కట్టే గుంజ అయింది. ఒకటి నేను దాచుకున్నాను. గాలికి నోటుబుక్కు పేజీలు లేవకుండా పెట్టడానికి బాగుంది.

పడక కుర్చీ దగ్గర లింగమూర్తి మళ్లీ ఆగాడు. "గిది గూడనా?"

"ముందు గదే," అన్నది బాపమ్మ.

మేజాను మాత్రం కోయనివ్వలేదు నేను.

వానలు గట్టిపడ్డాక పక్క ఊరి అంబదాస్ సెలవు మీద వచ్చాడు. బాపు క్యాసెట్ తెచ్చాడు. క్యాసెట్ వచ్చిందని తెలిసి సాయంత్రం వాడకట్టు కదిలింది. గడప దగ్గర కూర్చుందామంటే జల్లు కొడుతోంది. కొమురవ్వ తల మీది సంచి దులుపుతూ లోపలికి వచ్చి, నిలబడి చూసింది.

"కుర్చీలేందే, కుంగినయా?"

"మనకు ఎత్తెందుకని పొట్టిగ చేపిచ్చినం," అన్నది బాపమ్మ తాను ఒకదాంట్లో కూర్చుని, పచ్చ మెత్తకు వీపు ఆనించి.

కొమురవ్వ ఒక కుర్చీని అటూ ఇటూ ఊపి చూసింది. అంచు మీద దిగింది. కొంచెం వెనక్కి జరిగింది. ఇంకొంచెం. "ఔనే, కుక్కి మంచం లెక్కున్నది," అని కడియాల కాళ్లు రెండూ గచ్చు మీద పరిచింది. ఆమెను చూసి ఒకరి తరువాత ఒకరు. పిల్లలు కుర్చీల చేతుల మీదికి ఎక్కారు. టేపు మొదలవకముందే హాలు నిండింది.

ముత్తయ్య కాక అందరికంటే వెనక, తడిసి వచ్చాడు. మిగిలింది పడక కుర్చీ ఒక్కటే. ఆయన దాని ముందు నిలబడ్డాడు. చేతులు అలాగే బారెడు ఉన్నాయి గానీ, కుర్చీ నేలకు ఒరిగిన పడవలా ఉంది.

"గిది గా కుర్చీయేనా?"

"గదే. కూసో," అన్నది బాపమ్మ. "దానికిగ కాళ్లు లేవు, నిన్ను తరుముకొచ్చేది లేదు."

నవ్వుల మధ్య ఆయన కూర్చున్నాడు. కుర్చీయే ఆయన్ను వెనక్కి లాక్కుంది. నేను రికార్డర్ ముందు నేల మీద ఉన్నాను కాబట్టి నాకు ఆయన పాదాలు కనిపించాయి. తడి మడమలు గచ్చుకు ఆనాయి.

బటన్ నొక్కాను. బాపు గొంతు వచ్చింది. మంచిగా చేరాడట, ఎండ దంచుతోందట. బాపమ్మను మందులు వేసుకోమన్నాడు. తరువాత ఎప్పటిలాగే, "ఒరేయ్ ముత్తిగా, యాడున్నవ్‌రా? గడప కాడనేనా?"

"గడప కాడ కాదురా!" ముత్తయ్య కాక రికార్డర్ మీద అరిచాడు. "నీ కుర్చీలనే ఉన్న!"

టేపు ఆగకుండా అవ్వ సంగతులు అడుగుతూ పోయింది. అది ఆయన మాట వినలేదు. అందరూ నవ్వుతున్నారు గానీ నేను మాత్రం తిరుగుతున్న టేపునే చూస్తున్నాను. ఆ 'రా' బాపుకు వినపడాలి.

బాపు మాటలు అయిపోయాక రెండో పక్క తిప్పాను. బాపమ్మ అరిచింది, అవ్వ దూడ సంగతి చెప్పి ఏడ్చింది. కుర్చీల గురించి ఇద్దరూ నోరు విప్పలేదు. అవ్వ రికార్డర్‌ను నా ముందు పెట్టి, నేను లేచిపోతానని చేయి బటన్ మీదనే ఉంచింది. అప్పటికి ముత్తయ్య కాక పొడుగు చేతుల మీదికి కాళ్లు చాపి నిద్రపోయాడు. ఆయన పగిలిన మడమలు ఆ రెండు గుంటల్లో సరిగ్గా కూర్చున్నాయి.

నేను రికార్డర్ దగ్గరికి లాక్కున్నాను.

"బాపూ, నేను సుగుణను. కుర్చీల కాళ్లు కోపిచ్చినం. నేనే అన్న. అవ్వను ఏమనకు. కోపానికి రాకముందు జర గిది విను."

రికార్డర్ పట్టుకుని పడక కుర్చీ దగ్గరికి పోయాను. ముత్తయ్య కాక గురక, బెత్తం కిర్రు, కొమురవ్వ ఎవరినో తిట్టడం, వాకిట్లో రేకు మీద వాన. టేపు అయిపోయి బటన్ టక్కున లేచేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాను.

అంబదాస్ వాపసు పోతూ దాన్ని తీసుకుపోయాడు. ఆ వానకాలమంతా నేను జవాబు కోసం చూశాను. బాపు కోపంలో ఎలా మాట్లాడతాడో నాకు తెలియదు, ఏ క్యాసెట్‌లోనూ వినలేదు. అవ్వ కూడా భయపడింది, పైకి అనలేదు. మధ్యలో మనుషులు మాత్రం వస్తూనే ఉన్నారు. నాట్లప్పుడు తక్కువ, ముసురు పట్టినప్పుడు ఎక్కువ.

బతుకమ్మ ఇంకా రాకముందు ఇంకో మనిషి చేత క్యాసెట్ వచ్చింది. హాలు నిండింది. ముత్తయ్య కాక తన కుర్చీలో ఉన్నాడు. నాకు కొమురవ్వ పక్కన చోటు దొరికింది.

బటన్ నొక్కితే బాపు గొంతు రాలేదు. గర్రుమని ఫ్యాను చప్పుడు, ఎవరో దగ్గడం. తరువాత ఎక్కడో దూరంగా, నూతిలో నుంచి వచ్చినట్టు గురక. అవ్వ బిత్తరపోయి నన్ను చూసింది. అది మా హాలే. మా ముత్తయ్య కాక, మా వాన. మస్కట్‌లో ఆ గదిలోనివాళ్లు మా క్యాసెట్ పెట్టుకుని వింటుంటే, బాపు పక్కన ఇంకో రికార్డర్ పెట్టి ఆ వినడాన్నంతా టేపులో నింపి పంపాడు. గదిలో మగవాళ్లు పగలబడి నవ్వుతున్నారు.

"మల్ల తిప్పు హన్మండ్లన్నా, మొదటికెల్లి తిప్పు," అన్నాడు ఎవరో.

టేపు వెనక్కి తిరిగిన కీచుమనే చప్పుడు. తరువాత చాలా సన్నగా ఒక ఆడపిల్ల గొంతు. "బాపూ, నేను సుగుణను..."

నవ్వులు ఆగిపోయాయి. ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది.

"అగో," అన్నాడు బాపు. "గది నా బిడ్డ గొంతు."

హాల్లో అందరూ నా వైపు తిరిగారు. నేను లేవబోయాను. పెరటి తలుపు తెరిచే ఉంది. కానీ లేవలేదు. నా కాళ్ల కింద గచ్చు చల్లగా ఉంది, రెండు మడమలూ దానికి ఆని ఉన్నాయి.